ప్రాథమిక పాఠశాలలో ఉచిత యాపులు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల బాలబాలికల చదువు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు విన్నవింపుమని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము ఆదేశించినందులకు కృతజ్ఞులము. ప్రతియేట ఈ వేదికపై విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, పై చదువులకై బెంగుళూరునకును హైదరాబాదునకును పోవు యువకులను గూర్చియు ముచ్చటించుకొనుచున్నాము. అది యుచితమే. కాని పై చదువునకు పోవువాడు మొదట ఒకటవ తరగతిలో పలకపట్టినవాడే గదా! కలశమెత్తుటకు చందాలిచ్చువారు మనలో పలువురు కలరు. పునాదిరాతికి చందా యడిగినచో మాత్రము చేతులు జేబులు దాటి వెలుపలికి రావు. ఈ మాట నొచ్చుకొనుటకై చెప్పుట కాదు. నేడు మేము ఆ పునాదిని గూర్చియే ప్రసంగింప నెంచితిమి.

పునాదిలో సైతము మేమెంచుకొన్న విషయము మీకు వింతగా తోచవచ్చును. చేతిఫోనులోను, ట్యాబులోను వెలయీయక లభించు యాపులును, తదితర సాధనములును ఒకటి మొదలు ఎనిమిది తరగతుల బడిపిల్లలకు ఎంతవరకు పనికివచ్చును, ఎచ్చట పనికిరావు, వానివలన మన పిల్లలకు మేలు కలుగవలెనన్న మనమేమి చేయవలెను అనునది ప్రశ్న. "ఊరక వచ్చు వస్తువునకు పోషకులతో పనియేమి?" అని కొందరనవచ్చును. నూలు ఊరక యిచ్చినంతమాత్రమున చీర యగునా? ఆసు తిప్పవలెను, పడుగు సాగవేయవలెను, కండెలు చుట్టవలెను, గుంటలో కాళ్లుపెట్టి కూర్చుండవలెను. ఊరక వచ్చినది నూలు మాత్రమే.

మగ్గముపేరు వచ్చినది గనుక ఒక సంగతి మనవిచేసెదము. ఈ యంత్రములు మనకు పరాయివని మనవారిలో ఒక సంకోచము కలదు. ఆ సంకోచమునకు కారణము లేదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సుదేశమున జక్కార్డు అను నాతడు రంధ్రములు పొడిచిన అట్టముక్కలతో పడుగుదారములను లేపియు దించియు పూలు నేయు మగ్గమును తీర్చినాడు. రంధ్రమున్నచో దారము లేచును, లేనిచో లేవదు. ఈ "ఉన్నది, లేదు" అను రెండు మాటలతోనే ఎంతటి చిత్రమైనను నేయవచ్చునని ఆ మగ్గము లోకమునకు చూపినది. ఇంగ్లాండునందు ఛార్లెసు బాబేజి 1830 దశకమున తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఆ అట్టలనే వాడనెంచెను. 1890లో అమెరికా జనాభాలెక్కలను హోలరిత్తు అనునతడు రంధ్రపత్రములతోనే కూడించెను. నేటి కంప్యూటరునకును, మీ జేబులోని ఫోనునకును పూర్వవంశములో మగ్గమొకటి కలదు. మన యిండ్లలోని జక్కార్డు పెట్టెను చూచుచు పెరిగిన బాలుడు ఫోనును చూచి బెదరనక్కరలేదు. అది వానికి దూరపు చుట్టము.

ఇక మన సీమ సంగతి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడునంతవరకు బళ్లారి జిల్లాలోనివి. నాడు బళ్లారి మైసూరునకు పోయినది, మనము ఇటు వచ్చితిమి. గీత మారినను నాలుక మారలేదు. కౌతాళము, హోళగుంద వైపు ఇంటిలో కన్నడము, బజారులో తెలుగు, ఆదోని పేటలో తెలుగుతోపాటు ఉర్దూ వినబడును. మూడు భాషలు నోటనున్న బిడ్డ బడిలో చేరిన తోడనే నాలుగవదియైన ఇంగ్లీషు పుస్తకము చేతికి వచ్చును. 2020–21 విద్యాసంవత్సరమునుండి ఒక పుట తెలుగున, ఎదుటిపుట ఇంగ్లీషున అచ్చువేసిన ద్విభాషాపుస్తకములు వచ్చుటచే కొంత ఊరట కలిగినది. అయినను 2011 జనాభాలెక్కలలో నాటి కర్నూలు జిల్లా అక్షరాస్యత నూటికి సుమారు 60 మాత్రమే; ఉమ్మడి రాష్ట్రమునకది 67. పడమటి మండలముల దురవస్థ ఆ 60 వెనుక దాగియున్నది.

దానికి ప్రధానకారణము మీరెరుగనిది కాదు. వానలు మోసగించిన యేట పంటకోతలు ముగియగానే కోసిగి, కౌతాళము, మంత్రాలయము, పెద్దకడుబూరు ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములే మూటాముల్లె సర్దుకొని మిరపకోతకును, ప్రత్తితీతకును గుంటూరుసీమకు తరలిపోవును. పిల్లలును వెంటపోవుదురు. పెద్దపిల్ల చిన్నవాని నెత్తుకొనును; పదేండ్లవాడు కాయ కోయును. ఉగాదికి తిరిగివచ్చునప్పటికి తరగతి చాల ముందునకు సాగియుండును. ప్రభుత్వమువారు ఇట్టివారికై ఊరనే సీజనలు వసతిగృహములు నడుపుచు వచ్చిరి; తాతయవ్వలయొద్ద విడువదగినవారు వానియందుందురు, తక్కినవారు పోవుదురు. ఎమ్మిగనూరు నేతయిండ్లలో వలస తక్కువయైనను కండెచుట్టు పని కలదు. ఉదయము బడికి ముందును, సాయంకాలము బడి తరువాతను రాట్నమువద్ద కూర్చుండు ఆడపిల్లకు ఇంటిపాఠమునకు వేళ యేది? మేము చెప్పబోవు సాధనము లన్నియు ఈ బిడ్డను దృష్టియందుంచుకొని తూచవలసినవి. పట్టణమున చల్లనిగదిలో చదువు పిల్లవానిని తలచుకొని చేసిన యాపు మంచిదే కావచ్చును, మన తూనికలో నిలుచునా యన్నదే చూడవలెను.

సర్కారు చేయలేదనుటకు వీలులేదు. 2017 సెప్టెంబరు 5వ తేదీన, గురుపూజదినమున, దీక్ష అను జాతీయవేదిక ప్రారంభింపబడినది. పాఠ్యపుస్తకములో పాఠమువద్ద అచ్చువేసిన నలుచదరపు క్యూఆర్ గుర్తును ఫోనుతో చూపినచో ఆ పాఠమునకు సంబంధించిన బొమ్మలు, వీడియోలు, అభ్యాసములు కనిపించును. వెల లేదు, ప్రకటనలు లేవు. 2019 నవంబరులో మొదలైన నాడు–నేడు పనులవలన పలు బడులకు గోడలు, విద్యుత్తు, బల్లలు అమరినవి. 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకును వారి ఉపాధ్యాయులకును కలిపి రాష్ట్రమంతట 5 లక్షలకు పైగా ట్యాబులు పంచిరి. 2023లో ఆరవ తరగతి మొదలు పై తరగతి గదులలో పెద్ద తెరలును, ప్రాథమిక పాఠశాలలలో స్మార్టు టెలివిజనులును అమర్చ మొదలిడిరి. వస్తువులకు లోటు కొంత తీరినది. వానిని వాడు తీరు, వేళ, తోడుచేయి అనునవే లోటు.

ఇప్పుడు మాకు మిక్కిలి ఇష్టమైన విషయమునకు వచ్చెదము. అది బిగ్గరగా చదువుట.

ఒకే ఉపాధ్యాయుడు గల బడిని తలచుకొనుడు. ఐదు తరగతులు, ముప్పదిమంది పిల్లలు. ఒక్కొక్కరిచేత రెండేసి నిమిషములు చదివించి వినవలెనన్న గంటసేపు పట్టును. ఆ గంటలో తక్కిన ఇరువదితొమ్మండుగురు గోలచేయుదురు. గావున ఉపాధ్యాయుడు తాను చదువును, పిల్లలందరు కలిసి అందురు. మూకుమ్మడి పలుకులో చదువరాని బిడ్డ దాగికొనును. మూడవ తరగతి వచ్చినను గుణింతములు కూడబలుకలేని బిడ్డ యున్నాడన్న, వాడు తెలివిలేనివాడని కాదు, ఇన్నియేండ్లలో వాని గొంతును విడిగా విన్నవా రెవ్వరును లేరని యర్థము. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము నిపుణ్ భారత్ అను ఉద్యమము నారంభించుటకు మూలమిదియే: మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతిబిడ్డయు అర్థముతెలిసి చదువవలెను, చిన్నలెక్కలు చేయవలెను.

ఈ చోట ఫోను అక్కరకు వచ్చును. 2019 మార్చిలో గూగుల్ సంస్థవారు మనదేశముననే మొదట బోలో అను యాపును విడిచిరి. తరువాత దానికి రీడ్ అలాంగ్ అని పేరిడి తెలుగు, ఉర్దూ మొదలగు భాషలను చేర్చిరి. దాని పద్ధతి సులభము. తెరపై చిన్నకథ వచ్చును. బిడ్డ బిగ్గరగా చదువును. ఫోను విని, సరిగా పలికిన మాటకొక రంగును, తడబడిన మాటకొక రంగును వేయును. తెలియని మాటను వ్రేలితో తాకిన పలికి వినిపించును. కథలు ఒకసారి దింపుకొన్నచో ఆపైన ఇంటర్నెట్టుతో పనిలేదు. సిగ్గరి పిల్ల పదిమందిలో పెదవి విప్పదు గాని, ఫోనుముందు విప్పును. తప్పుచదివిన నవ్వువారు లేరు, ఒకే మాట పదిమార్లు అడిగినను విసుగుకొనువారు లేరు. ఈ ఓర్పు యంత్రమునకు సహజము, మనకు కష్టము.

అయితే యంత్రముయొక్క చెవి పట్టణపు చెవి. మన పిల్లలు కన్నడపుజాడలో తెలుగు పలికినపుడు సరియైన మాటను సైతము తప్పని అది చూపుట కలదు. "నేను సరిగానే అంటిని గదా" యని బిడ్డ బిక్కమొగము వేయును. అప్పుడు ప్రక్కనున్న మనుష్యుడు "నీవన్నది సరియే, ఫోనునకు తెలియలేదు" అని చెప్పవలెను. ఆ ఒక్క మాట చెప్పువారు లేనిచో ఈ సాధనము బిడ్డకు తన యింటి నుడికారముపై రోత పుట్టించును. ఆ నష్టమును ఏ కథయు పూడ్చలేదు.

చదివించుటకు కథలు కావలెను గదా? 2015 సెప్టెంబరు 8వ తేదీన, అక్షరాస్యతా దినమున, ప్రథమ్ బుక్సువారు స్టోరీవీవర్ అను కథలభాండారమును తెరచిరి. వీవర్ అనగా నేతగాడే. పేరులోనే మనవాడు కలడు! అందలి బొమ్మలకథలను ఎవరైనను చదువవచ్చును, దింపుకొనవచ్చును, అచ్చొత్తించి పంచవచ్చును, మరియొక భాషలోనికి మార్చవచ్చును. కర్తపేరు చెప్పిన చాలును, అనుమతికై పత్రము వ్రాయనక్కరలేదు. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును అందు కలవు. ఒకే బొమ్మ, ఒకే కథ, మూడు లిపులు. హోళగుందవైపు బడిలో కన్నడమున కథ విన్న బిడ్డకు మరునాడు అదే కథను తెలుగున చూపుడు. బొమ్మయే నిఘంటువు పనిచేయును. మరల ఇంగ్లీషున చూపుడు. మూడు భాషలు బరువని తలచిన బిడ్డకే అవి మూడు మెట్లగును. మన సీమకు ఇంతకంటె తగిన ఉచితసాధనము మాకు కానరాలేదు.

ఈ కథలకు తెరయైనను అవసరము లేదు. నలుపుతెలుపులో అచ్చువేసి కుట్టిన పదునాలుగు పుటల పుస్తకము ఫోనుకంటె ఎక్కువకాలము మన్నును; జారిపడిన పగులదు, మిరపచేనికి వెంటపోవును. అంతేకాదు. ఆసుపోయుట, అచ్చులెక్క, రంగువేయుట, జాతరకు తువ్వాళ్లు నేసి యమ్ముట: ఇవి కథలుగా పిల్లలపుస్తకములలో ఎన్ని కలవు? మన పెద్దలు చెప్పిన, మన ఉపాధ్యాయులు వ్రాసిన, మన పిల్లలు బొమ్మవేసినచో అవియును ఆ భాండారమున చేరును. పడుగు, పేక అను మాటలు మనయిండ్ల పిల్లలకే అపరిచితములగు దినము వచ్చుచున్నది. ఈ సంగతిని పండితులకంటె నేతగాండ్రే ముందు గమనింపవలెను.

పై తరగతుల సంగతి క్లుప్తముగా చెప్పెదము. జియోజీబ్రా అను ఉచితసాధనము 2001లో ఆస్ట్రియాదేశమున పుట్టినది. త్రిభుజము గీచి, దాని కొసను వ్రేలితో లాగిన కోణములు మారుచుండును, మొత్తము మాత్రము 180 డిగ్రీలు మారదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక త్రిభుజమునే గీయగలడు. ఇచ్చట క్షణమునకు నూరు కనబడును. భూగోళపాఠమున ఉపగ్రహచిత్రపు పటములలో ఆదోనికోటను, కొండనడుమ చెరువులను, తుంగభద్ర జలాశయమును, అచ్చటనుండి మన పొలములకు వచ్చు దిగువకాలువను వ్రేలితో వెంబడింపవచ్చును. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆ జలాశయమున 19వ గేటు కొట్టుకొనిపోయినపుడు మన రైతులందరును ఎంత కలతపడిరో మరువరానిది. ఆ గేటు ఎచ్చటనున్నదో, ఆ నీరు పోయిన మనకేల కలతయో పిల్లవానికి పటముపై చూపినచో పాఠము వేరుగా చెప్పనక్కరలేదు.

యాపు సైతము అక్కరలేని సాధనములు ఫోనులోనే కలవు. కెమేరాను దగ్గరగా పెట్టి ప్రత్తికాయలోని గులాబిరంగు పురుగును తెరయంత పెద్దదిగా చూపవచ్చును. గొంతును పట్టు సదుపాయముతో అవ్వ చెప్పిన కథను బిడ్డ పట్టి తెచ్చి బడిలో వినిపింపవచ్చును. విని వ్రాయుమనినచో అదియే వ్రాతపని. గడియారముతో నాడి కొట్టుకొనుటను లెక్కింపవచ్చును. ఇట్టివానిని నేర్పుటకు శిక్షణశిబిరములు నడుపనక్కరలేదు.

ఇంతవరకు మెచ్చుకొంటిమి. తూనిక రెండవ తట్టను గూడ చూడవలెను.

పెరూ దేశమువారు ఇరువదియొకటవ శతాబ్దపు తొలి దశాబ్దములలో బీదపిల్లలకు లక్షలకొలది చిన్న కంప్యూటరులు పంచిరి. 2012లో పరిశోధకులు పరీక్షించి చూడగా, భాషయందును లెక్కలయందును పిల్లలకు చెప్పదగిన వృద్ధి కనబడలేదు. పెట్టె యిచ్చి చదువు వచ్చుననుకొనిరి. అట్లే ఢిల్లీనగరమున 2015లో కార్తీక్ మురళీధరన్ మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు 619 మంది పిల్లలతో చేసిన పరిశోధన కలదు, 2019లో ప్రకటితమైనది. అచ్చట బడి తరువాత కేంద్రమునకు వచ్చిన పిల్లలు నాలుగున్నర నెలలలో లెక్కలయందును హిందీయందును స్పష్టముగా ముందడుగు వేసిరి. భేదమెక్కడ? ఢిల్లీలోని సాధనము బిడ్డ ఏ తరగతిలో కూర్చున్నాడని చూడలేదు, వానికి ఎంతవరకు వచ్చునో చూచి అచ్చటినుండి చెప్పినది. దానితోపాటు చిన్నగుంపులో కూర్చుండబెట్టి చెప్పు మనుష్యులును ఉండిరి. ఆరవ తరగతి బిడ్డకు మూడవ తరగతి లెక్క రానిచో, ఆరవ తరగతి వీడియో ఎంత అందముగా నున్నను వానికి సినిమాయే.

మనదేశముననే అంతకుముందొక కథ జరిగినది. 1975 ఆగస్టునుండి 1976 జూలైవరకు సైటు అను ప్రయోగము పేర, అమెరికావారి ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు పంపిరి. ఆంధ్రప్రదేశమును అందు కలదు. ఉదయము బడిపిల్లలకు విజ్ఞానపాఠములు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము. ఊరంతయు పెట్టెచుట్టు గుమిగూడెడిది. సంవత్సరము నిండగనే ఉపగ్రహము మనది గాకపోవుటచే వెనుకకు మరలినది. ఆ ప్రయోగమునుండి మనవారు నేర్చినది చాల కలదు, తరువాత స్వంత ఉపగ్రహములను నిర్మించిరి. కాని ఆ గ్రామముల పిల్లలకు మరునాటినుండి తెర నల్లబడినది. ఎరవు వస్తువుతో బడి నడుపువారు తలచుకొనవలసిన సంగతి యిది. ఉచితయాపును నేడు నడుపు సంస్థ రేపు మూయవచ్చును, వెల పెట్టవచ్చును. గావున దింపుకొనదగినది దింపి భద్రపరచవలెను, అచ్చువేయదగినది అచ్చువేయవలెను.

"ఉచితము" అను మాటను గూర్చి మరియొకటి. వర్తకుడు సరుకు ఊరక యిచ్చిన వాడు దేనిని తీసికొనుచున్నాడో చూడవలెనని మన పేటవారికి మేము చెప్పనక్కరలేదు. కొన్ని యాపులు ప్రకటనలు చూపును. కొన్ని బిడ్డ పేరు, వయస్సు, ఊరు, గొంతు, ముఖము అడుగును. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణచట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారి వివరములు వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెను. కొన్ని మినహాయింపులు తప్ప, పిల్లల జాడను వెంబడించి ప్రకటనలు చూపరాదు. చట్టము కలదు సరే, సమ్మతి నొక్కుమను చోట తండ్రి చదువలేక నొక్కును. బడిలో పిల్లల చేతికిచ్చు ఫోనులో వారి పేరున ఖాతా తెరువరాదు, ఫోటో పెట్టరాదు, ప్రకటనలు వచ్చు యాపు వేయరాదు. ఈ మూడును తల్లిదండ్రులు నిర్భయముగా అడుగవలసినవి.

ఇంటిఫోను సంగతియు తెలిసినదే. 2020 మార్చిలో బడులు మూతపడి, ప్రాథమిక తరగతులు మరల 2021 ఫిబ్రవరివరకు తెరువకుండిన కాలమున, పాఠములు టెలివిజనులోను వాట్సాపులోను వచ్చినవి. ఇంటిలో ఒకటే ఫోను. అది తండ్రిజేబులో పనికి పోయెడిది. నేడు ఫోనులు పెరిగినవి. 2024 అసర్ నివేదిక ప్రకారము గ్రామములలో 14–16 ఏండ్ల పిల్లల యిండ్లలో నూటికి సుమారు 90 ఇండ్ల స్మార్టుఫోను కలదు. దానిని వాడనేర్చినవారిలో అంతకుముందు వారమున చదువునకై వాడినవారు నూటికి 57, సామాజిక మాధ్యమములకై వాడినవారు 76. ఫోను వాడనేర్చినవారిలో స్వంతఫోను గలవారు మగపిల్లలు నూటికి సుమారు 36, ఆడపిల్లలు 27. కండెచుట్టు పిల్లకు ఫోను ఎప్పుడు దొరకునో ఈ అంకెలు చెప్పుచున్నవి: అన్న నిద్రించిన తరువాత. గావున "ఇంటివద్ద యాపులో చదువుకొనుము" అను ఉపదేశము సగము పిల్లలకు ఉపదేశమే కాదు. బడిలోనే, బడివేళలోనే, ఆడపిల్లకు సమానముగా వంతు రావలెను.

స్వీడను దేశము చదువునందు తెరలకు పేరుమోసినది. ఆ దేశపు ప్రభుత్వమే 2023లో చిన్నతరగతులకు మరల అచ్చుపుస్తకములును చేతివ్రాతయు హెచ్చుచేయుటకు ధనము కేటాయించినది. ఆ యేటనే యునెస్కోవారి ప్రపంచవిద్యానివేదికయు ఈ సాధనములు ఎవరి షరతులపై వచ్చుచున్నవో యోచింపుడని హెచ్చరించినది. మనము తెర లేనివారము గనుక తెరకై పరుగిడుచున్నాము. ఉన్నవారేల వెనుకకు చూచుచున్నారో కనుగొని పరుగిడుట మంచిది.

ఉపాధ్యాయుల పక్షమునను ఒక మాట. వారి ఫోనులో పాఠము చెప్పు యాపులకంటె లెక్క చెప్పు యాపులే ఎక్కువ. హాజరు, మధ్యాహ్నభోజనము, మరుగుదొడ్ల ఛాయాచిత్రము: ఇట్లు వచ్చి చేరినవి. 2022 ఆగస్టులో ముఖము చూపి హాజరువేయు పద్ధతి వచ్చినపుడు, స్వంతఫోనులో వేయుమనుట న్యాయమా యని సంఘములు వాదించినవి కూడ. యాపు అనగనే ఉపాధ్యాయుని మొగము ముడుచుకొనుటకు ఇదియే హేతువు. మనము పోయి "పిల్లలకు యాపులేల చూపరు?" అని నిలదీసిన ఫలము లేదు. "మేము ఒక గంట వచ్చి కూర్చుండెదము, మీరు పాఠము చెప్పుడు, ఐదుగురు పిల్లలను మాకు ఒప్పగింపుడు" అన్న తలుపు తెరచుకొనును.

అందువలన సభవారికి మేము విన్నవించునది ట్యాబుల దానము కాదు. వేదికపై ట్యాబు నందుకొనుచు దాతతోగూడ ఫోటో దిగుట సులభము. రెండేండ్లకు దాని బ్యాటరీ ఉబ్బును. అంతకన్న చవుకయైనదియు, కష్టమైనదియు నగు పని కలదు.

మన సంపన్నుల యిండ్లలో క్రొత్తఫోను కొనగానే పాతది సొరుగున పడియుండును. అట్టివి సేకరించి, బాగుచేయించి, లోనున్నదంతయు తుడిపించి, తెలుగు, కన్నడ, ఉర్దూ కథలను, దీక్ష పాఠములను దింపి, సిమ్ము లేకయే ఐదేసి ఫోనులు ఒక పెట్టెలో బడికి ఎరవీయవలెను. ఐదుగురు పిల్లలు, పదునైదు నిమిషములు. తరువాత మరి యైదుగురు. ఆరు విడతలలో ముప్పదిమంది గొంతులు వినబడును. ప్రక్కన కూర్చుండుటకు మన కులమున ఇంటరు, డిగ్రీ చదువు బాలికలు కలరు. సంఘపు విద్యార్థివేతనము పొందువారు వారమునకు రెండు గంటలు ఇట్లు వెచ్చింపవలెనని షరతు పెట్టినచో తప్పులేదు. తల్లిదండ్రులు ఒప్పుకొన్నచోటనే, బడివేళలోనే, ఇద్దరిద్దరుగా పంపవలెను.

ఈ పెట్టె మనపిల్లలకు మాత్రమే యని వ్రాసినచో మేమీ పనిలో నుండము. బడిలో మన బిడ్డ ప్రక్కన కూర్చున్నది కూలివాని బిడ్డ, దర్జీబిడ్డ, గొల్లబిడ్డ. ఒకరికి చూపి యొకరికి దాచు తెర బడిలో చెల్లదు. మన పెద్దలెన్నడును అట్లు నడువలేదు. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతగాండ్ర సహకారసంఘమును స్థాపించినపుడు దాని సూత్రమేమి? ఒంటరిగా నూలు కొనలేనివాడు పదిమందితో కలిసి కొనవచ్చుననియే గదా. ఫోనుపెట్టెకును అదే సూత్రము చాలును. ఎవ్వనికిని స్వంతము గాదు, అందరికి వంతు కలదు, లెక్క గోడమీద వ్రాసియుండును.

ఇక వలసపోవు పిల్లల విషయము తొందర గలది. వారు పోవుటకు పూర్వమే, దసరాకును దీపావళికిని నడుమ, గ్రామగ్రామమున మనశాఖవారు బడికి పోయి ఏయే కుటుంబములు పోవుచున్నవో ఉపాధ్యాయునితోగూడ పట్టిక వ్రాయవలెను. అవ్వతాతలయొద్ద ఉండదగిన బిడ్డను సీజనలు వసతిగృహమున చేర్పింపవలెను. ఇది మొదటి పని, యాపు తరువాతిది. పోకతప్పని బిడ్డచేతికి పదికథల అచ్చుపుస్తకము, తండ్రిఫోనునకు కథలును పాఠములును నింపిన మెమొరీకార్డు ఇయ్యవలెను. అచ్చట ఇంటర్నెట్టు లేకున్నను అవి తెరచుకొనును. ఏ యూరి చేనికి పోవుచున్నారో తెలిసినచో, గుంటూరువైపునున్న మనబంధువులకు జాబు వ్రాసి ఆ యూరి బడిలో తాత్కాలికముగా కూర్చుండబెట్టుమని కోరవచ్చును; అచ్చటను పుస్తకము ఒకటే, పాఠము ఒకటే.

ఈ పనులకు కావలసిన ధనము స్వల్పము. ఆదోనిలో ఫోనులు బాగుచేయు కుర్రవాండ్రలో మనవారు పలువురు కలరు. వారు కూలి పుచ్చుకొనమని మాట యిచ్చియున్నారు. అచ్చుకూలికిని, పెట్టెలకును, కార్డులకును మాత్రము చందా కావలెను. సభాద్వారమువద్ద నుంచిన రెండు పుస్తకములలో ఒకటి చందాదారులకు, రెండవది సమయము నీయగలవారికి. మొదటి పుస్తకమున ఉదయముననే పుటలు నిండుచున్నవని వినుచున్నాము. రెండవదానిలో ఇప్పటికి ఏడు పేర్లు కలవు. మధ్యాహ్నభోజనమునకు లేచునప్పుడు అక్కచెల్లెండ్రు ఆ బల్లవైపునుండి పోవలెనని ప్రార్థన.